గీజరు వేస్తే గుయ్యిమనే 5.1

ఈ రోజు పొద్దున ఆరున్నరకి గీజరు స్విచ్ వేసి, హాల్లోకి పరుగెత్తుకొచ్చి కంప్యూటర్ స్పీకర్ల సెట్టులోని ఊఫర్‌కి (బేస్ మోగించే పెద్ద స్పీకర్) చెవి ఆనించాను. గుయ్ లేదు! నిజం చెప్పాలంటే ఉంది, కానీ చెవి ఆనిస్తేనే. మూడు వారాల తర్వాత ఇది నాకు పండగే.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. కంప్యూటర్‌కి 5.1 (అయిదు స్పీకర్లు, ఒక ఊఫర్) సెట్టు కావాలని సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో, రెండు శనివారాలు తిరిగాను. ఎక్కడ చూసినా 2.1 సెట్లు, సౌండ్‌బార్లే. "ఇప్పుడెవరు అడుగుతున్నారు సార్, మంచి హెడ్‌సెట్ తీసుకోండి" అన్నాడు ఒకతను. అతని తప్పేం లేదు. విండోస్ విస్టా వచ్చాక ఆటల సౌండ్ నేరుగా సౌండ్ కార్డుకి వెళ్లే దారి మూసుకుపోయింది, ఆ తర్వాత చాలా మదర్‌బోర్డుల వెనక ఆరు ఆడియో రంధ్రాలు మూడయ్యాయి. లాజిటెక్ జెడ్906 మంచిదే, కానీ అది 2011 నాటి మోడల్. నాకు చెప్పిన ధర ఇరవై వేలు దాటింది, పైగా దాని చిన్న కన్సోల్ (బటన్లుండే కంట్రోల్ పెట్టె) పాడైతే సెట్టు ఆన్ కూడా కాదు. ఆరేడు వేలల్లో 5.1 అని రాసి ఉన్న పెట్టెలు కొన్ని దొరుకుతాయి. కొనేముందు వెనక్కి తిప్పి ఆరు ఇన్‌పుట్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే బ్లూటూత్ స్టీరియోనే అయిదు స్పీకర్లకీ పంచుతుంది, అంతే. లైట్లు మాత్రం బాగా వెలుగుతాయి.

చివరికి 4,200కి పాత సెట్టు కొన్నాను. వెనక ఆరు ఆర్‌సీఏ ఇన్‌పుట్లు (ఎరుపు, తెలుపు పిన్నులు గుచ్చేవి), పక్కనే ఆక్స్ అనే అదనపు ఇన్‌పుట్ ఒకటి. కంప్యూటర్ వెనక పచ్చ రంధ్రం ముందు స్పీకర్లకి, నీలం వెనక స్పీకర్లకి, గులాబీ సెంటర్-ఊఫర్‌కి: మొదటిసారికే పనిచేసింది. డైలాగులు మాత్రం ఊఫర్లోంచి వస్తుంటే ఎరుపు, తెలుపు పిన్నులు తారుమారు చేశాను, అరనిమిషం పని.

ఇక గుయ్ సంగతి. ఆన్ చేసిన దగ్గర్నుంచి గుయ్యి... వాల్యూమ్ సున్నాలో ఉన్నా తగ్గదు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెడితే 50 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం, 100, 150 దగ్గర చిన్నవి. మన కరెంటు కూడా 50 హెర్ట్జే కాబట్టి గుయ్ కరెంటుదే అని తేలింది. వెనక స్పీకర్ల వైర్లు ఎక్స్‌టెన్షన్ బాక్స్ పక్కనుంచి వెళ్తున్నాయని వాటిని అడుగు దూరం జరిపాను. తేడా లేదు. ఇన్‌పుట్లన్నీ పీకేస్తే గుయ్ దాదాపు పోయింది. ఆ "దాదాపు"ని అప్పుడు పట్టించుకోలేదు.

ఫ్రెండ్ ఫోన్‌లో "కంప్యూటర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకెయ్ రా, పోద్ది" అన్నాడు. గుయ్ పోతుంది నిజమే, కానీ క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. చెయ్యను.

ఎర్త్ లూప్ (వేరువేరు ఎర్త్‌లు వైర్ల ద్వారా కలిసి చుట్టు ఏర్పడడం) అయ్యుంటుందని 220 రూపాయల చొప్పున మూడు ఐసోలేటర్లు (సౌండ్‌ని మాత్రం పోనిచ్చి ఎర్త్‌లని విడదీసేవి) తెచ్చి కంప్యూటర్ వైర్లు మూడింటికీ తగిలించాను. గుయ్ పోయింది, దాంతోపాటు బేస్ కూడా పోయింది! టెస్ట్ టోన్ పెట్టి చూస్తే 40 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ తగ్గింది. వీటిలోని బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు లో ఫ్రీక్వెన్సీ మొయ్యలేవు. ఊఫర్ కొనుక్కుని దాని గొంతు నొక్కినట్టయింది. పీకేశాను.

దారి చూపించింది మా ఆవిడ. "పొద్దున్నే నేను స్నానానికి వెళ్లినప్పుడే ఇది ఎక్కువ మోగుతోంది" అంది. గీజరు! మల్టీమీటర్ తీశాను. ఆక్స్‌కి టీవీ సెట్‌టాప్ బాక్స్ నుంచి ఏవీ వైరు వేసి ఉంది, ఆ బాక్స్‌కి బయటినుంచి కేబుల్ టీవీ వైరు. కేబుల్, ఏవీ వైర్లు రెండూ తీసి బాక్స్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే 92 వోల్టులు చూపించి టెన్షన్ పెట్టింది, అది ఉత్త బాక్స్ పవర్ సప్లైలోని చిన్న కెపాసిటర్ల లీకేజీ. తర్వాత కేబుల్ వైరు చుట్టూ ఉండే లోహపు జాలీకీ కంప్యూటర్ క్యాబినెట్‌కీ మధ్య కొలిచాను. గీజరు ఆపితే 2.3 వోల్టులు, వేస్తే 9.6. కేబుల్ వాళ్ల ఎర్త్ ఒకటి, మా ఎర్త్ ఒకటి, రెండూ నా స్పీకర్ల సెట్టులోని యాంప్లిఫయర్లో కలుస్తున్నాయి. ఏ ఇన్‌పుట్ వినాలో ఎంచే సెలెక్టర్ ఎటు తిప్పినా గ్రౌండ్ (ఎర్త్) ఒకటే కాబట్టి గుయ్ తప్పదు.

అంటే కంప్యూటర్ వైపు మూడు ఐసోలేటర్లు అక్కర్లేదు, ఆక్స్ వైపు ఒక్కటి చాలు. టీవీ వార్తలకి బేస్ ఎందుకు? నిన్న రాత్రి తగిలించాను. మిగతా రెండూ డ్రాయర్లో పడున్నాయి, కావాలంటే ఎవరైనా తీసుకోండి.

మిగిలిన ఆ కాస్త గుయ్ ఇన్‌పుట్లన్నీ పీకినా ఉంది, అదీ 100 దగ్గర. నా అనుమానం యాంప్లిఫయర్లో కరెంటుని సాఫీ చేసే పాత ఫిల్టర్ కెపాసిటర్ల మీద. ఉన్నవి 4700 మైక్రోఫ్యారడ్లు, 35 వోల్టులవి. కోఠి గుజరాతీ గల్లీ వెళ్లి 105 డిగ్రీల వేడి తట్టుకునే రకం తేవాలి.

కానీ ముందు గీజరు. దాని ఎలిమెంట్ ఎర్త్‌కి లీకవుతోందని నా నమ్మకం, మా పాత అపార్ట్‌మెంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) కూడా లేదు. ఆదివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు, 30 మిల్లీ ఆంపియర్లది బిగించమన్నాను. అప్పటిదాకా గీజరు కట్, స్టవ్ మీదే వేణ్ణీళ్లు. ఎలిమెంట్ మార్చాక ఆ 9.6 ఎంతకి దిగిందో కొలిచి రాస్తాను.