గుమ్మం దగ్గర మిగిలిన టైలు

రాత్రి పదకొండున్నర అయింది. బాత్రూములో పాత నేల టైల్సు తీయిస్తున్నాం. ఇరవై మూడు లేచిపోయాయి, గుమ్మం దగ్గరది ఒక్కటి మిగిలింది. కళ్లు మూసుకుంటే అదే. "అది రేపు సూద్దారమ్మా" అని మేస్త్రి సుత్తి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆరడుగులకి నాలుగడుగుల నేలకి ఒక రోజంతా పట్టింది!

నేల పగలగొట్టే బ్రేకర్ మెషీను అద్దెకి తెస్తానంటే ఒప్పుకోలేదు. కొట్టడానికి ఉలి, సుత్తి, అంతే. రెండు గంటల్లో అయిపోయే పని కదా అని పొద్దున్నుంచీ ఒకటే చిరాకు.

అంతకుముందు టైల్సు కొట్టులో ఇంకో చిరాకు. "పాతవాటి మీదే జిగురు రాసి కొత్తవి పరిచేయండి" అన్నారు. టైలు మందం పది మిల్లీమీటర్లు, జిగురు ఇంకో నాలుగు. నేల అర అంగుళం పైనే లేస్తుంది. మా గుమ్మం ఎత్తే ముప్పావు అంగుళం. అమ్మ స్నానం నీళ్లు హాల్లోకి రావా? ఆ మోకాళ్లతో ఆవిడ ఆ తడిలో నడవాలా! పైగా పాత టైలు కింద డొల్ల ఉంటే, దాని మీద పరిచిందీ డొల్లగానే ఉంటుంది. రూపాయి బిళ్లతో తట్టండి: గట్టిది టక్కుమంటుంది, డొల్లది డబ్బుమంటుంది. మా నహానీ ట్రాప్, అంటే నీళ్లు పోయే జాలీ కింది తూము, దాని చుట్టూ తొమ్మిది డబ్బుమన్నాయి. లేపితే తెలిసింది, అప్పట్లో ఒక్కో టైలు మధ్యలో ఇంత సిమెంటు పాలు పోసి నొక్కేశారు, మూలలకి అందనేలేదు. టైల్సు సందులు నింపిన గ్రౌటు అరిగిపోయి, దిగిన నీళ్లు ఆ ఖాళీల్లో నిలిచాయి. కిందింటి సీలింగు మీద మచ్చ ఊరికే రాలేదు.

పెదనాన్న పాతింట్లో నీళ్లగదికి నాపరాళ్లు, సున్నంలో పరిచినవి. గునపం మొన సందులో పెట్టి ఒత్తితే బండకి బండ లేచొచ్చింది. సున్నం రాయికన్నా మెత్తన, ముందు అదే విడిపోతుంది. అడుగున అంటినది గీకేసి, అవే రాళ్లు పెరట్లో నూతి చుట్టూ వేశారు. ఆ తడి సున్నం వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. సిమెంటు అలా వదలదు. అది పట్టిన చోట టైలే ముక్కలవుతుంది, ముక్క అంచు గాజుపెంకులా కోస్తుంది. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు లేకుండా కూర్చోకూడదు. నేల మీద నీళ్లు చల్లుతూ కొట్టాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మేస్త్రి మీద కోపం మధ్యాహ్నానికే సగం తగ్గింది, ఒప్పుకుంటున్నాను. ముందు ట్రాప్ నోట్లో గోనెగుడ్డ కుక్కాడు, ముక్క పడితే పైపు మూసుకుపోతుందని. గోడ వెంబడి కటింగ్ మెషీనుతో అర అంగుళం వదిలి గాటు పెట్టాడు. గోడ టైల్సు అడుగు వరస నేల టైలు మీదే కూర్చుని ఉంది మరి, అదురు తగిలితే అదీ పోతుంది. ట్రాప్ దగ్గర కోసిన ముక్కతో మొదలెట్టి, ఉలిని ఏటవాలుగా పడుకోబెట్టి కొట్టుకుంటూ వచ్చాడు. నిలువుగా కొడితే దెబ్బ కిందికే పోతుంది. ట్రాప్ మెడ టైలుకి రెండంగుళాల లోతులోనే కనిపించింది. ఆ బ్రేకర్ దాని మీద పడి ఉంటే? పగిలిన ట్రాప్ మార్చాలంటే పైపుల కోసం కిందికి దించి పోసిన సంకెన్ శ్లాబులో నింపింది తవ్వాల్సిందే.

రబ్బిష్, అంటే పగలగొట్టిన ముక్కల సంగతి మాత్రం ఎవరూ ముందు చెప్పరు. కింద అంగుళం మందం సిమెంటు మాలుతో కలిపి చదరపు అడుగుకి ఆరు కిలోలు, మొత్తం నూటయాభై కిలోల దాకా. సిమెంటు సంచులు సగమే నింపాలి, లేదంటే మెట్ల మీద చిరుగుతాయి. ఏడు సంచులు వరండాలో ఉన్నాయి. ఎంవీపీ కాలనీ నుంచి ట్రాలీ ఆటో మాట్లాడాలి. మన విశాఖ తేమలో ఆ నేల ఎప్పటికి ఆరుతుందో, వాటర్‌ప్రూఫ్ పూత ఎప్పుడు వేస్తామో.

ఇంతవరకు రాసి, ఉండబట్టలేక టార్చి వేసి చూసొచ్చాను. ద్వారబంధం కాలు ఆ టైలు మీదే నిలబడి ఉంది. ఉలి పెడితే చెక్క చీలుతుంది, ముందు చుట్టూ కోయాలి. చీకటిపడ్డాక మెషీను మోత ఎందుకని వదిలేసినట్టున్నాడు. ఆ మాట నాతో అని వెళ్తే ఏం పోయింది! పొద్దున్నే తొమ్మిదింటికి శబ్దం ఉంటుందని కిందింటి వదినగారికి చెప్పి రావాలి.