బడ్జెట్ పీసీకి ఓవర్‌క్లాకింగ్ అవసరమా?

మా తమ్ముడి పీసీలోని రైజెన్ 3 3200జీ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే మామూలు సెట్టింగులకంటే ఎక్కువ వేగంతో నడిపి చూశాం. అది అవసరమైనప్పుడు బూస్ట్‌లో తనంతట తానే 4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. అన్ని కోర్లనీ అక్కడే ఉంచి నడిపినా ఆటలో తేడా కంటికి ఆనలేదు. వేడి మాత్రం గబగబా ఎక్కింది. వోల్టేజ్ పెంచితే కరెంటు వాడకం వోల్టేజ్ వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది మరి. మే నెల, బెజవాడ, ఏసీ లేని గది! ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న ఫ్యాన్ రొద వంటింట్లోకి వినబడింది.

నిజంగా కలిసొచ్చింది ర్యామే. ఉన్న 8 జీబీ స్టిక్‌కి అలాంటిదే ఇంకోటి జత చేసి, బయోస్‌లో (పీసీ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాం (అదీ ఒకరకంగా ఓవర్‌క్లాకింగే). ప్రాసెసర్ లోపలే ఉన్న వేగా గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. ఆట హాయిగా నడిచింది. ప్రాసెసర్‌ని మళ్లీ మామూలు సెట్టింగులకే తెచ్చేశాం.