హకాతాలో కీరా తినని రోజులు

జపాన్‌లోని ఫుకుఓకాలో దిగిన మధ్యాహ్నమే ఉదోన్ నూడుల్స్ కొట్టులో ఒక వింత చూశాను. పక్క టేబుల్ పెద్దాయన సలాడ్‌లోంచి కీరా ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు. పడదేమో అనుకున్నాను. తీరా చూస్తే అది ఈ ఊరి పాత పేట హకాతాలో జరిగే 'గియోన్ యమకసా' పండగ నియమం. అడ్డంగా కోసిన కీరా చక్రం కుషిదా గుడి ముద్రలా ఉంటుందని, జూలై 1 నుంచి 15 దాకా యమకసా (భుజాన మోసే పండగ రథం) మోసేవాళ్లు దాన్ని ముట్టరు.

సాయంత్రం గుడికి వెళ్లాను. 757లో వెలిసిందని చెబుతారు. యుద్ధాల్లో పాడైపోతే 1587లో అప్పటి జపాన్ పాలకుడు తొయొతోమి హిదెయొషి మళ్లీ కట్టించాడు. పెద్ద గుడేం కాదు. ముఖద్వారం కప్పుకి పన్నెండు జంతువుల రాశిచక్రం వేలాడుతోంది. ఆ ఏడాది మంచి దిక్కు ఏదో అందులో బాణం చూపిస్తుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ నిలబడ్డాను.

నన్ను పట్టేసింది మాత్రం ఈ పండగ పుట్టుక. 1241లో ఊళ్లో అంటువ్యాధి వస్తే, జొతెన్‌జి బౌద్ధాలయంలోని 'ఎన్ని' అనే భిక్షువు ఒక పీట మీద కూర్చుని, జనం మోస్తుంటే ఊరంతా మంత్రజలం చల్లాడట. బౌద్ధ భిక్షువు మొదలుపెట్టిన పని, జపాన్ సొంత మతమైన షింతో గుడి పండగైంది! పైగా పండగ పేరులోని 'గియోన్' మన శ్రావస్తి జేతవనానికి జపాన్ పేరు. అంత దూరం వెళ్లి మన ఊరి మాట విన్నట్టనిపించింది.

15న మూడున్నరకే లేచి వెళ్లినా గుడి దగ్గర చోటు లేదు. ఒక షాపు షట్టర్‌కి ఆనుకున్నాను. సరిగ్గా 4:59కి డప్పు మోగింది. ఐదింటికి కాకుండా ఒక్క నిమిషం ముందెందుకంటే, మొదటి యమకసాకి మాత్రమే గుడి ఆవరణలో ఆగి పాట పాడే హక్కుంది. ఆ నిమిషం దానికోసమే. ఆ తర్వాత 'ఒయిస్సా, ఒయిస్సా' అంటూ గోచీలు బిగించిన మగాళ్లు టన్ను బరువును భుజాన వేసుకుని పరుగు. రోడ్డు పక్కవాళ్లు బకెట్లతో వాళ్లమీద నీళ్లు కొడుతుంటే సగం నామీదే పడ్డాయి. ఫోన్ బతికింది, చెప్పులు మాత్రం బురదే. దారిలో జొతెన్‌జి ముందుకీ వెళ్లి, పాత భిక్షువు రుణం మరవకుండా మొక్కి పోతారు.

1889లో కోటవైపు ఫుకుఓకా, వర్తకుల పేట హకాతా కలిసిన నగరానికి కోటవైపు పేరే పెట్టినా, ఆ పేట జనం ఇప్పటికీ తమది హకాతా అనే అంటారు. ఆ పొద్దున వాళ్ల గొంతుల్లో అది వినబడింది.

తడిబట్టలతో హోటల్‌కి వచ్చేసరికి బ్రేక్‌ఫాస్ట్ మొదలైంది. కీరా ముక్కలు గిన్నెడు ఉన్నాయి. పండగ అయిపోయింది కదా, నాలుగు ఎక్కువే వేసుకున్నాను.