అమ్మకు చదివి వినిపిస్తూ నేర్చుకున్న ప్రార్థన

నీటికాసుల వల్ల చూపు పోయాక అమ్మ అన్నిటికంటే ఎక్కువ బెంగపెట్టుకున్నది బైబిలు కోసమే. గుంటూరు జిల్లాలో మా కతోలిక విచారణ (పారిష్) గుడిలో ఏళ్ల తరబడి పూజలో పఠనాలు, అంటే ఆ రోజుకు నిర్ణయించిన బైబిలు భాగాలు, చదివిన మనిషి ఆమె. హైదరాబాదులో మా ఇంటికి తెచ్చుకున్నాక ఆ చదివే పని నాది అయింది.

ఏం చదవాలో మేం ఎంచుకోం. గుడిలో ఇచ్చిన క్యాలెండర్‌లో తేదీ కింద ఏ పఠనాలుంటే అవే. 1960లలో కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ తర్వాత, 1969లో వచ్చిన వరుస ఇది. ఆదివారాల పఠనాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి. మామూలు రోజుల్లో సువిశేషం, అంటే యేసు జీవితం చెప్పే భాగం, ఏటా అదే, మొదటి పఠనం మాత్రం బేసి సంవత్సరానికి ఒకటి, సరి సంవత్సరానికి ఒకటి. ఈ పద్ధతి నాకెంతో మేలు చేసింది. నాకు నచ్చిన వాక్యాలే వెతుక్కుంటే కతోలిక బైబిలు పాత నిబంధనలో ఉండే తోబితు గ్రంథం జోలికి ఎప్పటికీ వెళ్లేదాన్ని కాదు.

ఉదయం పాలు కాచి, స్టవ్ ఆపేసి, అమ్మ మంచం పక్కన కూర్చుంటాను. సిలువ గుర్తు వేసుకుని పఠనం ఒకసారి మామూలుగా, రెండోసారి నెమ్మదిగా చదువుతాను. తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడుకోం. "నీకు ఏ మాట తగిలిందమ్మా?" అని అడుగుతాను. ఆమె చెప్పిన మాటే మా ప్రార్థన అవుతుంది. చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరకే ఉండడం అని 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే మఠవాసి నాలుగు మెట్లు చెప్పాడు. మేం మెట్లు లెక్కపెట్టుకోం గానీ దారి అదే.

2023 జూన్‌లో తోబితు వారం వచ్చింది. తోబితు గోడ పక్కన పడుకుంటే పిచ్చుకల రెట్ట కళ్లలో పడి చూపు పోతుంది. భార్య అన్నా బట్టలు నేసి ఇల్లు గడుపుతుంటుంది. ఒకరోజు యజమానులు కూలికి తోడు ఒక మేకపిల్లను కూడా ఇస్తే, దాని అరుపు విని తోబితు "ఎక్కడిది? దొంగిలించావా?" అంటాడు. అక్కడ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేనూ నిన్ను అట్టాగే సతాయిస్తున్నానా అమ్మాయ్?"

ఆ రోజు ఇక ముందుకు చదవలేకపోయాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. చూపు పోయాక ఆమెకు ఎంత కోపంగా ఉందో నాకు తెలిసింది అప్పుడే.

మర్నాటి పఠనంలో తోబితు చావు కోరుకుంటూ మొరపెట్టుకుంటాడు. ఎక్కడో మేదియాలో సారా అనే అమ్మాయి కూడా అంతే దుఃఖంతో ప్రార్థిస్తుంది. ఒకరికొకరు తెలియదు, ఇద్దరి మొరా ఒకే వేళ దేవుని సన్నిధికి చేరుతుంది. ఆ రోజు మొదలు పఠనానికి ముందు, ఈ పూట ఇదే వాక్యం వింటున్న ముక్కూమొహం తెలియని వాళ్ల కోసం మరియమ్మకు చేసే మంగళవార్త జపం ఒకటి చెప్పుకుంటున్నాం.

శుక్రవారం పఠనం చూసి నేను తటపటాయించాను. తోబితుకు చూపు తిరిగొచ్చే భాగం అది. అమ్మకు రాదని డాక్టర్లు తేల్చి చెప్పేశారు. "చదువు" అంది. చదివాను. ఏ మాట తగిలిందని అడిగితే కళ్ల సంగతే ఎత్తలేదు. కొడుకు వస్తాడేమోనని అన్నా దారి చూస్తూ కూర్చుంది కదా, ఆ ముక్క మళ్లీ చదవమంది. మా తమ్ముడు కువైట్‌లో ఉంటాడు. ఆ రోజు మా ప్రార్థన వాడి కోసమే సాగింది.

సాయంత్రం జపమాల, అంటే పూసలు లెక్కపెడుతూ మరియమ్మకు చేసే జపం. అదంతా అమ్మకు కంఠతా వచ్చు కాబట్టి నడిపించేది ఆమే. పొద్దున విన్న మాట ఒక్కోసారి దేవరహస్యంలోకి, అంటే జపమాలలో ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టంలోకి, వచ్చి చేరుతుంది. తప్పిపోయిన బాలయేసును తల్లిదండ్రులు దేవాలయంలో కనుగొన్న ఐదవ సంతోష రహస్యం దగ్గర, ఆ వారం ఆమె గొంతు నెమ్మదించింది.

మొదలుపెట్టాలనుకునే వాళ్లకు ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మంచిదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో మొదటి పఠనం, సువిశేషం ఒకదానికొకటి పొందిక కుదిరేలా ఏర్చి పెట్టారు, అందుకే కొత్తవాళ్లకు దారి తేలిగ్గా దొరుకుతుంది. వీలైతే పైకి చదవండి, వినే మనిషి ఒకరుంటే మరీ మంచిది.