అమ్మ పళ్ళు తీయించాక: ఉండల్లేని రాగి జావ నాకు వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది

అమ్మకి పై వరసలో ఎనిమిది పళ్ళు తీయించి ఇవాళ్టికి పన్నెండు రోజులు. పళ్ళు తీయడం దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. కుట్లు వేసి, మాత్రలు రాసి, ఒక కాగితం చేతిలో పెట్టి పంపారు: మెత్తటి ఆహారం, గోరువెచ్చగా, స్ట్రా వాడొద్దు. స్ట్రాతో పీలిస్తే పన్ను తీసిన చోట గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుందట.

నా భార్య పురిటికి పుట్టింట్లో ఉంది. ఇంట్లో నేనూ అమ్మే. పొద్దున్న పూట రాగి జావ అనుకున్నాం. మాది విజయనగరం వైపు, రాగుల్ని చోళ్ళు అంటాం. మా తాతకి అమ్మ రోజూ చోడి అంబలి కాచి ఇచ్చేది. నేను తాగుతూ పెరిగానే కానీ ఎలా కాస్తారో ఒక్కసారీ చూడలేదు.

కొన్న ప్యాకెట్ మీద ఉన్నది చదివి మొదలుపెట్టాను: 'మరిగే నీళ్ళలో రెండు చెంచాల పిండి వేసి, ఉండలు కట్టకుండా కలపాలి.' ఇది రాసినవాళ్ళ మీద నాకు ఇంకా కోపం పోలేదు. ఉండలు కట్టకుండా ఎలా కలపాలన్నదే కదా అడిగేవాడి ప్రశ్న! ఆ మాట రాసినవాళ్ళు ఒక్కసారైనా ఆ పద్ధతిలో కాచి చూశారా? మరిగే నీళ్ళలో పొడి పిండి పడగానే గోళీలంత ఉండలు తేలాయి. గరిటెతో అంచుకి నొక్కితే జారిపోతున్నాయి. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: 'కలుపుతూనే ఉండాలి.' చెయ్యి నొప్పి పుట్టేదాకా కలిపాను. రెండో రోజు జల్లెడలో వడగట్టాను. సగం పిండి జల్లెడలోనే ఉండిపోయింది, కిందికి దిగింది కుడితినీళ్ళలా ఉంది. తర్వాత మిక్సీలో తిప్పాను. నురగ వచ్చింది, పచ్చి పిండి వాసన అలాగే ఉంది.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేది. నయమే, తాగుతోంది అనుకున్నాను.

మూడో రోజు పొద్దున్న పెద్దమ్మ చూడటానికి వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు బంధువులు. అప్పుడే కాచిన జావ బల్ల మీద ఉంది. పెద్దమ్మ చెంచాతో ఒక ఉండని పైకి తీసి, ప్లేటు అంచున పెట్టి నొక్కింది. పైన ముదురు రంగు తోలులా ఉంది. అది చిట్లగానే లోపల్నుంచి పొడి పిండి రాలింది. నీళ్ళే తగల్లేదు దానికి. 'నోట్లో పచ్చి పుండుతో ఉన్న కన్నతల్లికి ఇదా పెట్టేది?' అంది. అందరి ముందూ అంది. వాళ్ళు నా వంక చూస్తుంటే చెప్పడానికి మాట దొరకలేదు. నలభై మూడేళ్ళ వయసులో అంత తల దించుకున్నది లేదు.

ఆ సాయంత్రం అమ్మ తువ్వాలు ఉతకడానికి తీశాను. మడతల్లో ఎండిపోయిన ఉండలు. మూడు రోజులవి. కుట్ల దగ్గర ఇరుక్కున్నవాటిని నాలుకతో తోసి, నేను అటు తిరిగినప్పుడు తువ్వాల్లో ఊసి దాచింది. పెద్దమ్మ మాట కంటే ఇది ఎక్కువ గుచ్చుకుంది. నేను బాధపడతానని ఆవిడ నొప్పి ఓర్చుకుంది. పెద్దవాళ్ళు 'బాగుంది' అన్నారని నమ్మకండి. గ్లాసు అడుగు చూడండి, తువ్వాలు చూడండి.

మర్నాడు పక్కింటి వదినని అడిగాను. ఆవిడ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకి వారంలో మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది కదా, అప్పట్నుంచీ వంద మందికి పైగా పిల్లలకి కాచిన చెయ్యి అది. ఆవిడ మా వంటింట్లోకి వచ్చి ముందు చేసిన పని స్టవ్ ఆపడం. 'పొయ్యితో పని తర్వాత బాబూ. పిండి ముందు చన్నీళ్ళలో కలవాలి' అంది.

అంతే! నాలుగు రోజులుగా ఒక్కరూ నాకు చెప్పని మాట ఇదే.

వేడినీళ్ళు తగిలితే పిండి పైపొర అక్కడికక్కడే ఉడికి జిగురవుతుంది. ఆ జిగురు లోపలికి నీళ్ళని పోనివ్వదు. ఇక ఎంత కలిపినా లోపల పొడే. చన్నీళ్ళలో జిగురు పుట్టదు కాబట్టి పిండి రేణువులన్నీ విడివిడిగా తడుస్తాయి, తర్వాత వేడి తగిలినా అతుక్కోవు. ఉండ కట్టాక బాగుచేయడం లేదు. కట్టకుండా చూడటం ఒక్కటే ఉంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. ప్యాకెట్ విప్పాక తేమకి పిండి గడ్డ కడుతుంది, అందుకని ముందు జల్లిస్తాను. రెండు పెద్ద చెంచాల పిండిలో మొదట కొద్దిగానే చన్నీళ్ళు పోసి, వేళ్ళతో చిదిమి దోసెల పిండిలా చేస్తాను. ఒకేసారి నీళ్ళన్నీ పోస్తే చిన్న చిన్న ఉండలు తప్పించుకుంటాయి. చెంచాకి దొరకనివి వేళ్ళకి దొరుకుతాయి. తర్వాత అర గ్లాసు దాకా పలుచన చేస్తాను. వేరే గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, మంట తగ్గించి, పిండినీళ్ళని అడుగు నుంచి ఇంకోసారి కలిపి (పిండి అడుక్కి దిగిపోతుంది) ఒక చేత్తో సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో తిప్పుతాను. ఆరేడు నిమిషాలు. పచ్చి వాసన పోయి, జావ నిగనిగలాడితే ఉడికినట్టు. పొంగుతుంది, పక్కకి వెళ్ళొద్దు.

దించాక కూడా అప్పుడప్పుడూ తిప్పాలి. వదిలేస్తే పైన పొర కడుతుంది. ఆ పొర ముక్కలై నోటికి ఉండల్లాగే తగులుతుంది. ఐదో రోజు నాకు ఇదే జరిగింది. ఆరేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి స్టవ్ మీద కొంచెం పలుచగా ఉన్నప్పుడే దించాలి. మజ్జిగ పులుపు పుండుకి మంటగా ఉందంది అమ్మ, అందుకని పాలూ బెల్లమూ. బెల్లం స్టవ్ మీద వేస్తే పాలు విరగొచ్చు, దించాక వేయండి.

మొలకెత్తించిన రాగుల పిండి మంచిదని ఒక కొట్టతను ఎక్కువ ధరకి అంటగట్టాడు. అది ఎంత కాచినా చిక్కబడదు. మొలకెత్తినప్పుడు గింజలోనే పిండిపదార్థం విరగడం మొదలవుతుంది, అందుకే పలుచన. అది చెడ్డ పిండి కాదు, ఇంకో చెంచా ఎక్కువ పడుతుంది. ఆ మాట కొట్టతను చెప్పి ఉండాల్సింది.

నిన్న పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. చెంచాతో అడుగుదాకా కలిపి చూసింది. ఒక్క ఉండ లేదు. తనకీ అర గ్లాసు పోయమంది. పోశాను, గర్వంగానే పోశాను.

ఈ పొద్దున్న అమ్మ గ్లాసు ఇస్తూ 'రేపు కొంచెం చిక్కగా కాయరా' అంది. పన్నెండు రోజుల్లో జావ గురించి ఆవిడ నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. రేపటికి రెండున్నర చెంచాలు.