ఇన్‌కోయెట్: కాడికి బిగించిన తోలుపట్టీ

ప్రోనోట్లు, చెక్కుల వంటి పత్రాలకు సంబంధించిన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ శీర్షికలో ‘ఇన్‌కోయెట్’ (inchoate) అనే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. స్టాంపు ఉన్న కాగితం మీద సంతకం మాత్రం చేసి, మిగతాదంతా ఖాళీగా వదిలి అవతలివారి చేతికి ఇస్తే, స్టాంపు విలువకు లోబడిన మొత్తాన్ని నింపుకునే అధికారం వారికి ఇచ్చినట్టే అవుతుందని ఆ సెక్షన్ చెబుతుంది. మన ఊళ్లలో ఖాళీ ప్రోనోటు అనేది ఇదే. అది పూర్తి పత్రం కాదు, అలాగని ఉత్త కాగితమూ కాదు. పత్రం మొదలైంది, ముగియలేదు. నేరయత్నం, ప్రేరేపణ, కుట్ర వంటివాటిని కూడా న్యాయశాస్త్రం ఈ మాటతోనే వ్యవహరిస్తుంది.

నిఘంటువులు దీనికి ‘అసంపూర్ణమైన’ అనే అర్థం ఇస్తాయి. అది తప్పు కాదు గానీ, అక్కడితో ఆగిపోతే ఈ మాటలోని ప్రాణం మనకు దక్కదు. దీని మూలం ‘మొదలుపెట్టు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ ‘ఇంకోహారే’. అందులోని ‘కోహుమ్’ అంటే నాగలిని కాడికి కట్టే తోలుపట్టీ అని ఫెస్టస్ అనే రోమన్ పండితుడి నిఘంటువుకు 8వ శతాబ్దంలో వచ్చిన సంక్షిప్త ప్రతి వివరిస్తుంది. అంటే రోమన్ రైతుకు ఆరంభమంటే విత్తనం చల్లడం కాదు, మొదటి చాలు తీయడమూ కాదు; పట్టీ బిగించడం.

అరక కట్టడం దగ్గరగా చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఎడ్లు కాడి కింద మెడలు వంచి నిలబడతాయి. రైతు నాగలి పొడవాటి కర్ర అయిన ఏడికోల కొసను కాడి నడుమకు చేర్చి, తాడు చుట్టి, మోకాలు ఆనించి బిగలాగుతాడు. అప్పటికి కర్రు ఇంకా మట్టిని తాకలేదు. అయినా పని మొదలైనట్టే, ఎందుకంటే రెండు ఎడ్లూ నాగలీ అప్పుడే ఒక్కటయ్యాయి.

ఈ మాట ముందున్న ‘ఇన్’ను చాలామంది ‘కాదు, లేదు’ అనే అర్థంలో తీసుకుంటారు. ఆ పొరపాటులోంచే ‘సంపూర్ణమైన’ అనే అర్థంలో ‘కోయెట్’ అనే కొత్త మాట పుట్టి, అమెరికా న్యాయస్థానాల తీర్పుల్లోకి కూడా చేరింది. నిజానికి ఆ ‘ఇన్’లో వ్యతిరేకార్థం లేదు.

నాకు అన్నిటికంటే ఆనందం కలిగించింది మన మాట. ఎడ్లను బండికో నాగలికో కట్టడాన్ని పూన్చడం అంటాము. ఒక పనికి సిద్ధపడి దాన్ని మీద వేసుకోవడాన్ని పూనుకోవడం అంటాము. లాటిన్‌తో ఏ చుట్టరికమూ లేని తెలుగు, పనికి పూనుకోవడాన్నీ ఎడ్లను పూన్చడాన్నీ ఒకే ధాతువులో దాచుకుంది. అందుకే ‘ఇంకోహారే’ను తెలుగు చేయవలసి వస్తే నేను ‘ప్రారంభించు’ అని రాయను, ‘పూనుకొను’ అని రాస్తాను.