ఎకనామిక్స్ ఎక్కడ చదవాలి: మా మేనకోడలి సీటు సంగతి

నెల రోజులుగా మా ఇంట్లో ఒకటే చర్చ. మా అన్నయ్య కూతురు ఇంటర్ ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) పూర్తి చేసింది, డిగ్రీ ఎకనామిక్స్‌లోనే చేస్తానంటోంది. మూడు చోట్ల దారి కనిపిస్తోంది: ఢిల్లీ యూనివర్సిటీలో ఒక కాలేజీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, చెన్నైలో పేరున్న ఒక పాత కాలేజీ. అన్నయ్య చెన్నై అంటాడు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి పిల్ల దగ్గర ఉండొచ్చని ఆయన లెక్క. వదినకి హైదరాబాద్ మీద మనసు, మియాపూర్‌లో వాళ్ళ చెల్లెలుంది. పిల్ల మాత్రం ఢిల్లీ తప్ప వేరే మాట ఎత్తడం లేదు. నేను ఒంగోలులో ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను కాబట్టి ముగ్గురూ నిర్ణయం నా మీద పెట్టారు. వాళ్ళకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ప్రతి వేసవిలోనూ ఇవే ప్రశ్నలతో తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు, వాళ్ళకీ ఉపయోగపడుతుంది.

నా మాట సూటిగా చెప్పేస్తాను. యూనివర్సిటీ పేరు తర్వాత చూడండి, ముందు ఆ కోర్సులో లెక్కలు ఎంత ఉన్నాయో చూడండి. ఎకనామిక్స్ అనే ఒక్క పేరు కింద మన దేశంలో రెండు వేరు వేరు చదువులు నడుస్తున్నాయి. ఒకటి మన దగ్గర హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్) బీఏలో ఎన్నో ఏళ్ళుగా చెప్తూ వచ్చినది. జాతీయాదాయం, బ్యాంకింగ్, ప్రణాళికలు, వ్యవసాయ సమస్యలు, అన్నీ మాటల్లో చదివి మాటల్లో రాసే చదువు. దాన్ని నేను తక్కువ చేయను. గ్రూప్స్‌కి, టీచర్ ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు ఆ చదువులోంచి చాలామంది వచ్చారు. రెండోది ఆనర్స్ పద్ధతి. అందులో మొదటి సెమిస్టర్‌లోనే కాలిక్యులస్ కనిపిస్తుంది, దాని వెంట స్టాటిస్టిక్స్, ఆ తర్వాత ఎకనామెట్రిక్స్, అంటే అంకెల గుట్టలోంచి ఏది కారణమో ఏది కాదో విడదీసి చూసే విద్య. మొదటి చదువులోంచి రెండో చదువులోకి మధ్యలో మారడం చాలా కష్టం. అటు నుంచి ఇటు రావడం తేలిక. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి లేదని నా నమ్మకం.

అన్నయ్యకి ఈ మాట మింగుడు పడలేదు. "ఏందమ్మా ఇది, అన్ని లెక్కలు చదవాలంటే ఇంజినీరింగ్‌లో చేరితే పోలా?" అన్నాడు. అన్నయ్య కొండపి దగ్గర పొగాకు రైతు, ఆయనకి ఆకు కాల్చే బ్యారన్లు రెండున్నాయి. అందుకని ఆయనకి తెలిసిన చోటు నుంచే జవాబు చెప్పాను.

మా మేనకోడలు చిన్నప్పటి నుంచీ సెలవుల్లో నాన్నతో వేలం కేంద్రానికి వెళ్ళేది. అక్కడ బేళ్ళు వరసగా పెట్టి ఉంటాయి, కంపెనీల వాళ్ళు చూసుకుంటూ పోతుంటారు, కొన్నిటికి ధర పడుతుంది, కొన్ని నో బిడ్ అయి ఇంటికి తిరిగొస్తాయి. అదే గ్రేడు, అదే వారం, టంగుటూరులో ఒక ధర, కొండపిలో ఇంకో ధర ఎందుకని పదో తరగతిలోనే నన్నడిగింది. కొనేవాళ్ళు నలుగురే ఉంటే ధర ఎలా మారుతుంది, పది మంది ఉంటే ఎలా మారుతుంది అని అడిగింది. ఆ ప్రశ్నలు పిల్లచేష్టలు కావు. వేలాల సిద్ధాంతం మీద చేసిన పనికే 2020లో పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకి ఎకనామిక్స్ నోబెల్ ఇచ్చారు. అందరికంటే ఎక్కువ పాడినవాడు సరుకు విలువని ఎక్కువ అంచనా వేసి నష్టపోయే ప్రమాదం ఉంటుంది. ఆ భయంతో ప్రతి కొనుగోలుదారూ తను అనుకున్నదాని కంటే తగ్గించే పాడతాడని విల్సన్ చూపించాడు. సరుకు గురించి అందరికీ సమాచారం ఎంత బాగా తెలిస్తే ఆ భయం అంత తగ్గి, అమ్మేవాడికి సగటున అంత మంచి ధర వస్తుందని మిల్‌గ్రోమ్ పని చెప్తుంది. బేలు లోపల ఆకు ఎలా ఉందో, తేమ ఎంతో అందరికీ తెలిసేలా ఉండడం రైతుకి ఎందుకు మేలో దీన్ని బట్టే అర్థమవుతుంది. ఈ ఫలితాన్ని మాటల్లో నేను నాలుగు వాక్యాల్లో చెప్పాను గానీ, ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు కాదు అని తేల్చాలంటే ప్రాబబిలిటీ, కాలిక్యులస్ రావాలి. ఆ పిల్లకి కావలసింది అది. ఇంజినీరింగ్‌లో లెక్కలుంటాయి, ఈ ప్రశ్న ఉండదు. లెక్కలు లేని బీఏలో ప్రశ్న ఉంటుంది, జవాబు దాకా వెళ్ళే దారి ఉండదు. ఇదంతా విన్నాక అన్నయ్య ఇంజినీరింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఢిల్లీ. మన వైపు దీని గురించి ఉన్న అయోమయం అంతా ఇంతా కాదు. "ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బీఏ సీటు వస్తుందా మేడం" అని ఎంతమంది అడుగుతారో. 1949లో వి.కె.ఆర్.వి. రావు గారు మొదలుపెట్టిన ఢిల్లీ స్కూల్‌లో ఎకనామిక్స్ ఎంఏ నుంచే ఉంటుంది. 1960ల్లో అమర్త్య సేన్ పాఠాలు చెప్పింది అక్కడే. బీఏ ఆనర్స్ మాత్రం శ్రీరామ్, సెయింట్ స్టీఫెన్స్, హిందూ, హన్సరాజ్, లేడీ శ్రీరామ్ లాంటి కాలేజీల్లో, పెద్దగా పేరు వినపడని ఇంకా చాలా కాలేజీల్లో ఉంటుంది. ఇక్కడ తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ కాలేజీలన్నిటికీ సిలబస్ ఒకటే, సెమిస్టర్ చివర యూనివర్సిటీ పెట్టే పరీక్ష ఒకటే. శ్రీరామ్‌లో చదివే పిల్ల రాసే పేపరే మా పిల్లకి వచ్చిన కాలేజీలోనూ రాస్తారు. తేడా ఉండేది టీచర్లలో, హాస్టల్లో, పక్కన కూర్చునేవాళ్ళలో. పక్కన కూర్చునేవాళ్ళు చిన్న విషయం కాదు, దాని సంగతి తర్వాత చెప్తాను. ఢిల్లీ స్కూల్ ఎంఏలో సగం సీట్లు ఢిల్లీ యూనివర్సిటీలోనే ఎకనామిక్స్ ఆనర్స్ చదివినవాళ్ళకి వాళ్ళ డిగ్రీ మార్కుల మీద ఇచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది.

ఈ ఆనర్స్‌లో సీటు కావాలంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ఎంట్రన్స్ అయిన సీయూఈటీలో ఒక భాష, మ్యాథ్స్, ఇంకో రెండు సబ్జెక్టులు రాయాలి. పేపరుకి 250 చొప్పున మొత్తం వెయ్యికి లెక్క. ఒప్పుకి అయిదు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఇందులో మ్యాథ్స్ తప్పనిసరి, దాన్ని దాటే దారి లేదు. అందుకే ఎకనామిక్స్ మీద ఇష్టంతో మ్యాథ్స్ లేని సీఈసీలోనో హెచ్‌ఈసీలోనో చేరిన పిల్లలని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. ఎకనామిక్స్ అంటే ఇష్టమని ఆ గ్రూప్ తీసుకుంటారు, ఆ గ్రూప్ వల్లే మంచి ఎకనామిక్స్ కోర్సుకి దూరమవుతారు. పదిహేనేళ్ళ వయసులో ఆ సంగతి వాళ్ళకి చెప్పేవాళ్ళు ఉండరు. ఎంపీసీ పిల్లలకేమో ఉన్న తలుపు తెలియదు. మ్యాథ్స్‌తో పాటు ఫిజిక్స్, కెమిస్ట్రీ రాసి వాళ్ళూ ఎకనామిక్స్ ఆనర్స్‌కి వెళ్ళొచ్చు. ఇంటర్‌లో ఎకనామిక్స్ చదివి ఉండాలనే నియమం లేదు. భాష కింద తెలుగు కూడా ఉంది.

డబ్బు సంగతి. ఢిల్లీ అనగానే అన్నయ్య భయపడింది ఫీజుకి. నిజానికి ఆ కాలేజీల ఫీజు ఇక్కడ కార్పొరేట్ కాలేజీలో ఇంటర్‌కి కట్టినదానికంటే తక్కువ. ఖర్చంతా ఉండడానికీ తినడానికీ. హాస్టల్ సీట్లు కొన్నే ఉంటాయి, రానివాళ్ళు కమలా నగర్, విజయ్ నగర్ వైపు పేయింగ్ గెస్టులుగా ఉంటారు. నెలకి పదిహేను వేలు చూసుకోమని అన్నయ్యకి చెప్పాను, అంతకి తగ్గితే సంతోషం. జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒకటిన్నర రోజు ప్రయాణం, జ్వరమొస్తే వదిన తెల్లారేసరికి వెళ్ళలేదు. ఈ భయాన్ని కొట్టిపారేయడం నాకు చేతకాదు, అది న్యాయమైన భయం.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విషయంలో మన వాళ్ళకి ఉండాల్సినంత గౌరవం లేదనిపిస్తుంది. 1974లో పెట్టిన కేంద్రీయ విశ్వవిద్యాలయం, స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ విడిగా ఉంది. ఇంటర్ అయ్యాక ఒకసారి చేరితే అయిదేళ్ళకి ఎంఏతో బయటికి రావచ్చు. మధ్యలో మళ్ళీ ఎంట్రన్స్ టెన్షన్ లేదు. పీహెచ్‌డీలు చేయించే ప్రొఫెసర్ల దగ్గరే డిగ్రీ పిల్లలూ ఉంటారు. ఫీజు చాలా తక్కువ. రాత్రి ఒంగోలులో సింహపురి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. ఢిల్లీ సీటు రాకపోతే కళ్ళు మూసుకుని ఇక్కడ చేర్చమని చెప్పాను. ఇంటికి దూరంగా ఉండలేని పిల్ల అయితే ఢిల్లీ సీటు వచ్చినా ఇక్కడికే పంపమంటాను.

చెన్నై గురించి ఎక్కువ రాయను. లయోలా, క్రిస్టియన్ కాలేజీ, ప్రెసిడెన్సీ, అన్నీ మంచి చదువు చెప్పిన చోట్లే. అక్కడే బీఏ చేసి, రాజా చెల్లయ్య గారి చొరవతో 1993లో వచ్చిన మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎంఏకి ప్రయత్నించొచ్చు. కానీ మా పిల్లకి వచ్చిన కోర్సు సిలబస్ తెప్పించి చూస్తే లెక్కలు ఒకటి రెండు పేపర్లకి మించి లేవు. అక్కడికి ఆ విషయం నా మటుకు ముగిసింది.

నెల్లూరులో ఉండే నా స్నేహితురాలి కొడుకు ఇంగ్లండ్‌కి అప్లై చేస్తున్నాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, మూడూ పెడతానన్నాడు. అలా కుదరదు. అక్కడ అప్లికేషన్లన్నీ యూకాస్ అనే ఒక్క సంస్థ ద్వారానే, ఎకనామిక్స్‌కి అయిదు కోర్సుల దాకా పెట్టుకోవచ్చు, కానీ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒక ఏడాది ఒకదానికే. ఈ రెండిటిలో ఎంచుకోవడం కూడా కోర్సు చూసే చేయాలి. ఆక్స్‌ఫర్డ్ డిగ్రీలో ఒంటిగా ఎకనామిక్స్ లేదు, ఫిలాసఫీ, పాలిటిక్స్‌తో కలిపో, మేనేజ్‌మెంట్‌తో కలిపో, చరిత్రతో కలిపో ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లో మూడేళ్ళూ ఎకనామిక్సే. రాజకీయాలూ తత్వశాస్త్రమూ ఇష్టపడే పిల్లాడికి మొదటిది, లెక్కల పిల్లాడికి రెండోది. ఫీజు మాత్రం లండన్ స్కూల్‌లో ఏడాదికి పాతిక వేల పౌండ్ల పైమాటే. పొలం అమ్మి డిగ్రీకే అంత దూరం పంపడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ డిగ్రీ బాగా చేసి, పై చదువుకి స్కాలర్‌షిప్‌తో వెళ్ళినవాళ్ళున్నారు. 2019లో నోబెల్ తెచ్చుకున్న అభిజిత్ బెనర్జీ కలకత్తా ప్రెసిడెన్సీలో డిగ్రీ, జేఎన్‌యూలో ఎంఏ చేశాకే హార్వర్డ్‌కి వెళ్ళాడు.

"మరి ఢిల్లీలో చదవకపోతే ఎకనామిక్స్‌లో పైకి రాలేరా?" అని వదిన అడిగింది. తప్పకుండా వస్తారు. 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నరుగా చేసిన వై.వి. రెడ్డి గారిది మన పక్కనున్న కడప జిల్లా. ఆయన ఎంఏ మద్రాసు యూనివర్సిటీ, పీహెచ్‌డీ ఉస్మానియా. ఆయన తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు గారు ఐఐటీలో ఫిజిక్స్ చదివి ఎకనామిక్స్‌లోకి వచ్చినవారు. చివరికి ఎక్కడ చేరినా ఎంఏ దగ్గర ఇంకో అవకాశం ఉంటుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయితే ఫీజు తీసుకోకపోగా స్టైపెండ్ ఇచ్చి చదివిస్తుంది. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకి కావలసింది కూడా ఎకనామిక్స్‌లో పీజీ, డిగ్రీ ఏ ఊళ్ళో చేశారన్నది కాదు.

ఇంత చెప్పీ నేను ఢిల్లీ వైపే ఎందుకు మొగ్గానంటే, పక్కన కూర్చునేవాళ్ళ కోసం. మా పిల్ల అడిగే ప్రశ్నలకి ఇక్కడ తోటి పిల్లలు నవ్వుతారు, "పరీక్షకి రాదు కదా" అంటారు. అస్సాం నుంచి, బీహార్ నుంచి, కేరళ నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ళ ఊళ్ళ తేయాకు ధరలు, రబ్బరు ధరలు, వలసలు తెలిసినవాళ్ళు, ఒకే క్లాసులో ఉంటే ఆ ప్రశ్నలు పెరుగుతాయి. ఆ వయసులో సగం చదువు పుస్తకం నుంచి వస్తే, మిగతా సగం రాత్రి పది దాటాక హాస్టల్లో జరిగే వాదనల్లోంచి వస్తుంది. చెప్పాల్సింది చెప్పి, చివరి మాట పిల్లకే వదిలాను.

మొదటి రౌండులో వచ్చిన ఢిల్లీ సీటు ఒప్పుకుంది. తన లిస్టులో దీనికంటే పైన రాసుకున్న కాలేజీల కోసం అప్‌గ్రేడ్ అడిగింది. హాస్టల్ దొరక్కపోతే మొదటి నెల వదిన తోడు వెళ్ళేలా మాట్లాడుకున్నాం. ఈలోగా పిల్ల ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు మళ్ళీ తీసి డిఫరెన్సియేషన్ లెక్కలు చేస్తోంది.

పదో తరగతి పిల్లలున్నవాళ్ళు ఈ జూన్‌లో గ్రూప్ రాసేముందు దగ్గరలో ఎంఈసీ ఎక్కడుందో కనుక్కోండి. చాలా చోట్ల దాన్ని సీఏ కోచింగ్ కోసమే నడుపుతున్నారు, అయినా ఫరవాలేదు, మ్యాథ్స్ చెప్పే లెక్చరర్ రోజూ వస్తారో లేదో ఒక్కటి అడగండి. ఎంఈసీ దొరక్కపోతే ఎంపీసీలో చేర్చండి.